వద్దన్నాడని ఊరుకున్నా

రూవి, మస్కట్
18 ఫిబ్రవరి 1977

ప్రియమైన గౌరవ్వకు,

లచ్చన్న రాయునది. నేనిక్కడ క్షేమం. నువ్వూ పిల్లా కూడా క్షేమమని తలుస్తాను. "ప్రియమైన" అని మొదలుపెట్టమని మా రూమ్‌లో ఉండే ఖాదర్ చెప్పాడు. ఆయనది కడప, సైట్‌లో వడ్రంగి పని, పెద్ద మాటకారి. పెళ్ళానికి ఉత్తరం రాస్తూ క్షేమం క్షేమం అని ఊరుకుంటే తాసీల్ కచేరీ నుంచి వచ్చిన నోటీసులా ఉంటుందని నవ్వుతాడు. సరే, ఖర్చేం లేదు కదా అని రాశాను.

మా రూమ్ రేకులది. నలుగురం ఉంటాం. నేను, మన ఊరి ఇస్తారన్న, ఖాదర్, మెట్‌పల్లి నర్సయ్య. కలిసి వండుకునే మెస్ నుంచి నేను తప్పుకున్నాను. వాళ్ళు శుక్రవారం వస్తే కోడి తెచ్చుకుంటారు, మధ్యలో చేపలంటారు. నాకెందుకవన్నీ? పొద్దున చాయ్‌లో ముంచుకుని ఒక ఖుబ్బూస్ రొట్టె, రాత్రికి ఇంత అన్నం, ఉల్లిగడ్డ, నువ్వు కట్టిచ్చిన కారం. కడుపు ఎంత పెడితే అంత అలవాటు పడుతుంది. దూరంగా దార్సైట్ అనే చోట పని ఉన్ననాడు కూడా బస్సెక్కను, నడిచే పోతాను. "చెప్పులరిగిపోతాయేమో, చేత్తో పట్టుకోని నడువబ్బా" అంటాడు ఖాదర్. అననీ. ఉన్నదాంట్లో బతకడం అందరికీ చేతకాదు.

ఇక అసలు సంగతి. పోయిన శుక్రవారం రూవి బజార్లో నీకోసం టేబుల్ ఫ్యాన్ కొన్నాను. జపాన్‌ది, నీలం రెక్కలు. దుకాణంలో ఒకసారి తిప్పి చూపించి మళ్ళీ డబ్బాలో పెట్టి టేపు వేసిచ్చారు. ఆ టేపు నేను తియ్యలేదు, తియ్యను. పాత లుంగీ చుట్టి మంచం కింద పెట్టాను. మన ఊరికి కరెంటు వస్తుందని అన్నావు కదా. ఈ ఏడాది ఆఖరుకు నేనొచ్చేసరికి ఊళ్ళో మొట్టమొదటి ఫ్యాన్ మనింట్లోనే తిరగాలి.

కిరసనాయిలు జాగ్రత్త. పొద్దు గూకకముందే తినేస్తే దీపం అవసరం ఉండదు. అడిగినవాళ్ళకల్లా ఇచ్చే నీ చేతికి జర తాళం వెయ్యి.

ఇట్లు,
ఎడారిలో ఎండుతున్న నీ లచ్చన్న

*

రాఘవపల్లె, మెట్‌పల్లి తాలూకా
20 మార్చి 1977

ప్రియమైన మా ఇంటాయనకు,

నీ ఉత్తరం అందింది. ఆ మొదటి మాట చదివి ఎవరైనా విన్నారేమోనని చుట్టూ చూశాను. భర్తకు రాసేటప్పుడు మీరు అనాలని బడిలో పంతులు చెప్పాడు. తొమ్మిదేళ్ళు నువ్వు నువ్వు అని, ఇప్పుడు మీరంటే ఏం ముంచుకొచ్చిందోనని నువ్వే భయపడతావు. అందుకని నువ్వే.

ఓ మహానుభావా, ఫ్యాను కొన్నావు సరే, నేనేం పని చేస్తానో యాదుందా? ఒళ్ళో చాట, చాటలో తంబాకు, పక్కన కత్తిరించిన తునికాకు. ఫ్యాను వేస్తే నా తంబాకంతా ఎగిరిపోయి ఊరంతా తుమ్ముతుంది. బీడీలు చేసేదానికి గాలి పగ. అదీగాక కరెంటు ఎక్కడిది? స్తంభాలు తెచ్చి ఊరి బయట పడేసి పోయారు. వాటి మీద మన పిల్ల గుర్రం ఆట ఆడుకుంటున్నది.

మనకేం తక్కువని? పొద్దున మక్కగట్క, రాత్రికి బువ్వ. కోడి గుడ్లు పెడుతున్నది. పిల్లకు రెండు గౌన్లు, నాకు మూడు చీరలు. ఉన్నది చాలు. పక్కింటి దిక్కు చూసి కుళ్ళుకునే మనిషిని కాను. నువ్వు కడుపు మాడ్చుకుని కొన్న వస్తువు నాకు అరగదు. మెస్‌లో చేరు. కోడి తిను. ఆ ఫ్యాను విప్పి దాని ముందు హాయిగా పడుకో. ఎంగిలి చేత్తో కాకిని తోలని వాడని నిన్ను ఆ కడపాయన అనుకుంటుంటే నాకు సిగ్గుగా ఉంది.

ఇస్తారి బావ ఉత్తరాలు యాదవ్వ అక్కకు నేనే చదివి పెడుతున్నాను. పెనిమిటి తన ఒంటి సంగతి ఏమీ రాయడని ఆమెకు బెంగ. "మా మరిదికి రాయవే, మీ బావను జర కనిపెట్టుకొమ్మని" అన్నది. రాశాను. కనిపెట్టుకో.

నీ మాట విననిది,
గౌరవ్వ

*

రూవి
12 జూన్ 1977

ప్రియమైన గౌరవ్వకు,

ఎండలు మన వైపు ఎండల్లాంటివి కావు. పొద్దున ఏడుకే ఇనుప చువ్వ పట్టుకుంటే చెయ్యి కాలుతుంది. రూమ్ పైకప్పు రేకులు కదా, మధ్యాహ్నం లోపల కూర్చుంటే పెనం మీద రొట్టెకు మనకు తేడా లేదు. కంపెనీ ఇచ్చిన సీలింగ్ ఫ్యాన్ మే నెలలోనే కాలిపోయింది. ఫోర్‌మన్‌ను రోజూ అడుగుతున్నాం. రోజూ "బుక్రా" అంటాడు. అరబ్బీలో బుక్రా అంటే రేపు. ఆ రేపు ఇంకా రాలేదు.

ఖాదర్ మొన్న నాతో గొడవపడ్డాడు. "గాలిని డబ్బాలో పెట్టి పూజ చేస్తాండావా లచ్చన్నా? యాడన్నా ఉంటాదా ఇట్లాంటి పని! దాన్ని తీసి ఆడ పెట్టు" అని నా మంచం కిందికి వంగాడు. నాకు మండింది. ఇది రూమ్ సొమ్ము కాదు, నా ఇల్లాలిది అన్నాను. మాటా మాటా పెరిగేదే, ఇస్తారన్న అడ్డం వచ్చాడు. "ఇడువు ఖాదర్ భాయ్. పెండ్లానికి కొనుక్కున్నడు. మనం పాతగ చేస్తె మంచిగుంటదా?" అన్నాడు. ఆ మాటతో ఖాదర్ నోరు మూతపడింది. పెద్దమనిషి అంటే అట్లా ఉండాలి. ఇప్పుడు ఖాదర్ దుప్పటి తడిపి కప్పుకుని పడుకుంటున్నాడు. అది గంటలో ఎండిపోతుంది.

ఇస్తారన్న సైట్‌లో రెండుసార్లు కళ్ళు తిరిగి కూర్చుండిపోయాడు. నాలుగు రోజులు పోతే ఒంటికి అలవాటవుతుందని చెప్పాను. యాదవ్వ వదినకు ఈ సంగతి చదవకు, ఉత్తపుణ్యానికి బెంగపడుతుంది.

ఫ్యాన్ విప్పమని నువ్వు రాసింది చూశాను. నీకు వస్తువు విలువ తెలియదు.

నీ లచ్చన్న

*

రూవి
5 జూలై 1977

ప్రియమైన గౌరవ్వకు,

నీ జవాబు రాకముందే రాస్తున్నాను. ఇస్తారన్నకు వడదెబ్బ తగిలింది. పోయిన నెల 24వ తారీఖు శుక్రవారం, రూమ్‌లోనే. పెద్ద దవాఖానలో పది రోజులున్నాడు. ప్రాణానికి భయం లేదన్నారు కానీ ఎడమ చెయ్యి సరిగ్గా లేవడం లేదు, మాట నిదానమైంది. పనికి పనికిరాడని కంపెనీ ఇంటికి పంపుతున్నది. నర్సయ్య లీవు మీద వస్తున్నాడు, ఆయన వెంట తీసుకొస్తాడు. బొంబాయి దాకా విమానం, అక్కణ్ణుంచి రైలు.

ఆ రోజు నేను పక్కనే ఉన్నాను. ఏమన్నా కావాల్నా అని అడిగాను. వద్దన్నాడు. వద్దన్న మనిషికి ఎవరైనా ఏం చేస్తారు? అడగందే అమ్మయినా పెట్టదంటారు. నేను అడిగాను కూడా. రాత అట్లా ఉంది.

యాదవ్వ వదినకు ధైర్యం చెప్పు. సొంత తమ్ముడి లెక్క చూసుకున్నానని చెప్పు. నర్సయ్యతో రెండు సబ్బులు, పిల్లకు గౌను గుడ్డ పంపుతున్నాను. ఫ్యాన్ పంపడం లేదు.

నీ లచ్చన్న

*

రాఘవపల్లె
2 ఆగస్టు 1977

మా ఇంటాయనకు,

ప్రియమైన అని రాయబుద్ధి కాలేదు. ఏమనుకుంటావో అనుకో.

ఇస్తారి బావ వచ్చాడు. బండి దిగుతుంటే యాదవ్వ అక్క గుర్తుపట్టలేదు, ఆయన వెనక ఇంకెవరైనా దిగుతారేమోనని చూసింది. ఆ చూపు నేను చూశాను. మనిషి సగమయ్యాడు. ఎడమ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాడు. మాట మొదలుపెట్టి మధ్యలో వెతుక్కుంటాడు.

నేను పప్పు, రెండు గుడ్లు వండుకుని పోయాను. నర్సయ్య కూడా అక్కడే ఉన్నాడు. నన్ను చూసి బావ మొహం విప్పారింది. "లచ్చన్న మంచోడు గౌరవ్వా," అన్నాడు. "ఫ్యాను ఇప్పాల్నా అన్నా అని అడిగిండు. నేనే వద్దన్న. కొత్తది... పాతగైతది గద." అందరూ వింటుండగా నిన్ను మెచ్చుకున్నాడు. నర్సయ్య తల దించుకుని కాలి గోరు గిల్లుకుంటున్నాడు.

బయటికొచ్చాక నర్సయ్యను నిలదీశాను. "నన్నడగకు వదినా," అన్నాడు. "ఆ దినం నేను సీబ్ అనే ఊర్ల మా మేనత్త కొడుకు తాన ఉన్న. వచ్చేసరికి రూముల ఫ్యాను తిరుగుతుంది. డబ్బా చింపింది మాత్రం ఖాదరట, మీ ఆయన కాదు."

అడిగావా? ఎట్లా అడిగావు? విస్తరి ముందు కూర్చున్నవాడు కూడా వద్దు వద్దని చెయ్యి అడ్డం పెడతాడు. ఆ చెయ్యి పక్కకు జరిపి వడ్డిస్తాం, అవునా? మొదటి వద్దు మర్యాదకు, రెండోది మొహమాటానికి, మూడోది వింటే చాలు అనేది మా అమ్మ. నీకిది తెలియదా? నన్ను చూసుకోవడానికి వచ్చిననాడు మా ఇంట్లో ఎన్నిసార్లు వద్దన్నావో, ఎన్ని గారెలు తిన్నావో తలుపు సందులోంచి నేను చూశాను. మా అమ్మ నీలాగా అడిగి ఉంటే ఆకలితో పోయేవాడివి. అడగందే అమ్మయినా పెట్టదని సామెత చెప్పావు. అది అడుక్కునేవాళ్ళకు ధైర్యం చెప్పే మాట. పెట్టాల్సినవాళ్ళు చెప్పుకునేది కాదు.

ఇంత తిట్టి నా సంగతి దాస్తే పాపం. నేనూ నీ పెళ్ళాన్నే. బావ వచ్చిన వారానికి వాళ్ళ గడప బయట నిలబడి, "అక్కా, ఇంట్ల బియ్యం ఉన్నయా?" అని అడిగాను. "ఉన్నయి చెల్లె" అన్నది. బతికితిరా అనుకుని వచ్చేశాను. లోపలికి పోయి కుండ మూత తీస్తే తెలిసేది. తియ్యలేదు. తీస్తే మన బియ్యంలో సగం ఇవ్వాల్సి వస్తుందని నా కాళ్ళకు తెలుసు. మూడు రోజుల తర్వాత తెలిసింది, వాళ్ళు గంజి తాగి ఉంటున్నారని. ఉన్నది చాలు, నాకేం తక్కువ అని నీకు గొప్పగా రాసిన దాన్ని నేనే. నా కుండలోకి మాత్రమే చూసి రాశాను.

నీ సబ్బులు వాళ్ళింట్లో ఇచ్చాను. నాకు ఒక్క సంగతి రాయి. సాకులు వద్దు, సామెతలు వద్దు. ఆయన వద్దన్నప్పుడు నీకు లోపల ఎట్లా అనిపించింది? అది తెలియకుండా నీతో కాపురం ఎట్లా చెయ్యాలో నాకు తోచడం లేదు.

గౌరవ్వ

*

రూవి
10 సెప్టెంబర్ 1977

గౌరవ్వకు,

నీ ఉత్తరం వచ్చి పదిహేను రోజులైంది. నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఇది చింపను.

ఆ శుక్రవారం మధ్యాహ్నం ఖాదర్ జుమ్మా నమాజుకు పోయాడు. నర్సయ్య సీబ్ పోయాడు. రూమ్‌లో మేమిద్దరమే. ఇస్తారన్న మంచం దిగి కింద సిమెంటు మీద పడుకున్నాడు. అది కూడా కాలుతూనే ఉంది. నీళ్ళిచ్చాను, తాగాడు. చూస్తే ఒంటి మీద చెమట లేదు. అప్పటిదాకా కారిన మనిషికి చెమట ఆగితే నేను మంచిదే అనుకున్నాను, చల్లబడ్డాడని. అది ప్రమాదమని తర్వాత డాక్టర్ చెప్పాడు. చెమట సంగతి తెలియక చేసిన తప్పు. మిగతాది తెలిసే చేశాను.

అన్న అటు తిరిగి నా మంచం కిందికి చూశాడు. డబ్బా వైపు. ఆయన చూడటం నేను చూశాను. చూసి ఊరుకోలేక వంగి డబ్బా మీద చెయ్యి వేసి, "అన్నా, ఫ్యాను ఇప్పాల్నా?" అన్నాను. ఎట్లా అడిగావని కదా నీ ప్రశ్న. ఇట్లా అడిగాను. నా చెయ్యి డబ్బా మీద ఉంది, విప్పడానికి కాదు. ఎవరైనా లాక్కుంటారేమోనని పట్టుకున్నట్టు ఉంది. ఆయన నా చెయ్యి చూశాడు, నా మొహం చూశాడు. "వద్దు తమ్మీ. కొత్తది పాతగైతది. గౌరవ్వకు పెట్టినవ్" అన్నాడు.

నాకు హాయిగా అనిపించింది గౌరవ్వా. నువ్వడిగిన సంగతి అదే. అడిగిన పేరూ దక్కింది, వస్తువూ దక్కింది అనుకున్నాను. లుంగీ మళ్ళీ సర్ది, అటు తిరిగి పడుకున్నాను. నిద్ర కూడా పట్టింది.

ఖాదర్ అరుపుకు లేచాను. అన్న ఎవరితోనో ఎడ్ల బేరం ఆడుతున్నాడు, మా ఎవరి మొహమూ గుర్తుపట్టడం లేదు. ఒళ్ళు ముట్టుకుంటే కాలింది. ఖాదర్ నన్నేమీ అడగలేదు. ఉలి తీసి డబ్బా నిలువునా చీల్చి ఫ్యాను పెట్టాడు. దుప్పటి తడిపి కప్పి, బయటికి పరుగెత్తి పికప్ తెచ్చాడు. నేను టేపు ముక్కలు ఏరుతూ నిలబడ్డాను. ఏమి చేస్తున్నానో నాకే తెలియదు.

ఇప్పుడా ఫ్యాను రోజూ రూమ్‌లో తిరుగుతుంది. నేను మంచం బయట వేసుకున్నాను. ఖాదర్ పొద్దున నా గిలాసలో కూడా చాయ్ పోసి పెడుతున్నాడు. తిట్టినా బాగుండేది. నేను ఇన్నాళ్ళూ తక్కువతో బతుకుతున్నానని మిడిసిపడ్డాను. తక్కువ తిన్నాను, అంతే. నాకు చాలు అని ఒక్కనాడూ అనిపించలేదు. ఊరంతా వచ్చి నా ఇంట్లో ఫ్యాను చూడాలి, అదీ నా ఆకలి.

వచ్చే నెలాఖరుకు కాంట్రాక్టు అయిపోతుంది. ఇంకో రెండేళ్ళకు సంతకం పెట్టమంటున్నారు. పెడతాను. నా జీతంలో సగం నెలనెలా యాదవ్వ వదినకు పంపుతాను. నా ఖర్చు ఇంకా తగ్గించుకుంటాను, ఒక పూట మానేస్తాను. ఇంతకంటే నాకు దారి తోచడం లేదు.

ఈ ఉత్తరం చదివి పొయ్యిలో పెట్టు. అన్నకు, వదినకు చెప్పకు. నీ కాళ్ళు మొక్కుతాను. అన్న నన్ను మంచోడని అంటున్నాడని రాశావు. ఆ మొహం చూడలేను.

లచ్చన్న

*

రాఘవపల్లె
5 అక్టోబర్ 1977

ప్రియమైన మా ఇంటాయనకు,

ఆ మాట మళ్ళీ రాశాను. నిజం రాసినందుకు.

నీ ఉత్తరం పొయ్యిలో పెట్టలేదు. తీసుకుని యాదవ్వ అక్క ఇంటికి పోయాను. చదవాల్నా అని అడగలేదు, అడిగితే వద్దంటారని. అక్క బీడీలు చేస్తున్నది, బావ గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. మొదటి నుంచి చివరి దాకా చదివాను. "హాయిగా" అన్న మాట దగ్గర దాటెయ్యాలనిపించింది, అయినా మింగలేదు. అక్క చేతిలో దారం అట్లానే ఆగిపోయింది. పొయ్యిలో పెట్టమన్నావని కూడా చదివాను. నీ మీద దయ లేక కాదు. రెండేళ్ళు ఆ అబద్ధం మోస్తూ వాళ్ళ గడప తొక్కడం నా వల్ల కాదు.

అక్క ఏడ్చింది. నిన్ను తిట్టింది, నీ వంశాన్ని తిట్టింది, నన్ను కూడా కలిపి తిట్టింది. పడ్డాను. తర్వాత కొంగుతో ముక్కు తుడుచుకుని, "పైసలు అక్కరే, అబద్ధమెందుకు? పంపమను. గని పైసల ఎనుక దాసుకుని రెండేండ్లు అక్కడనే ఉంటాంటె నేనొప్పుకోను" అన్నది. నాకూ అదే తోచింది. ఒక పూట మానేస్తానంటావు. నువ్వు మానేసిన పూట ఎవరి నోట్లోకి పోతుంది? ఇంకా నీకు కడుపు మాడ్చుకోవడమే పుణ్యమనిపిస్తున్నది. ఆ పిచ్చి వదులు.

మన పొయ్యి ఆర్పేశాను. పోయిన అమావాస్య నుంచి రెండిళ్ళకూ ఒకటే పొయ్యి, వాళ్ళింట్లో. మన బియ్యం మొత్తం వాళ్ళ కుండలో పోశాను. అక్క వద్దన్నది. ఇంకోసారి కూడా వద్దన్నది. నేను మూత పెట్టేశాను. ఇద్దరం ఒకే చాట ముందు కూర్చుని బీడీలు చేస్తున్నాం. సుఖంగా ఉన్నామని రాయను. కొన్నాళ్ళు చాలుతున్నది, కొన్నాళ్ళు చాలడం లేదు. చాలనినాడు అందరికీ చాలదు. పిల్ల ఇంకా కావాలని ఏడుస్తుంది, బావ తన పళ్ళెం జరుపుతాడు, అక్క కోప్పడుతుంది. అట్లా గడుస్తున్నది.

బావ అన్నది రాయాలి. రాయమన్నాడు కనుక రాస్తున్నాను. ఉత్తరమంతా విన్నాక కళ్ళు తెరిచి నా దిక్కు తిరిగాడు. తర్వాత, "గౌరవ్వా, వానికి రాయి" అన్నాడు. మాట కోసం వెతుక్కుంటూ, ఆగి ఆగి చెప్పాడు.

"వద్దన్నంక నేను గోడదిక్కు తిరిగిన. ఇంకోపారి అడుగుతడు గదా అని చూసిన. అడిగితె ఇప్పమందును."

కోపంతో అనలేదు. ఆనాడు ఎండ ఎక్కువుండె అన్నట్టే అన్నాడు. నువ్వు మంచోడివని మాత్రం మళ్ళీ అనలేదు.

సంతకం పెట్టకు. రా. డబ్బాలు, పెట్టెలు లేకుండా వస్తే ఊరు నవ్వుతుంది, నవ్వనీ. ఫ్యాను ఖాదర్ దగ్గరే ఉండనీ. వచ్చిననాడు మనింటికి కాదు, నేరుగా బావ దగ్గరికి రా. ఎడమ చెయ్యి ఇంకా లేవడం లేదు, కుడి చెయ్యి వణుకుతున్నది, బువ్వ కలిపి నోటికి అందించాలి. మూడు పూటలా అక్క ఒక్కతే చేసి అలిసిపోతున్నది. ఒక పూట నువ్వు చెయ్యాలి.

ముందే చెబుతున్నాను, ముద్ద నోటి దాకా తెస్తే ఇప్పటికీ వద్దు వద్దంటాడు.

నీ కోసం గడపలో కూర్చున్నది,
గౌరవ్వ